మొదటి హెచ్‌ఓ మోడల్ రైలు లేఅవుట్ వైరింగ్: బండి అవతలి వైపు వెళ్లగానే నీరసపడుతోంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

కొళత్తూరు పట్టాలు | చెన్నై

అందరికీ నమస్కారం. ఇక్కడి పోస్టులు చదువుతుంటాను, రాయడం ఇదే మొదలు.

నేనూ మా అమ్మాయీ మేడ మీద గదిలో 8 × 4 అడుగుల ప్లైవుడ్ మీద హెచ్‌ఓ (అసలు రైలుకి 87వ వంతు సైజు) లేఅవుట్ మొదలుపెట్టాం. చుట్టూ ఒక ఓవల్, స్టేషన్ దగ్గర పక్కన రెండో లైను. ఒక మూల నుంచి ఎదుటి మూలకి ఐమూలగా ఇంకో లైను వేయాలని ఉంది, బండి దాని మీదుగా వెళ్తే ఎదురు దిక్కుకి తిరిగి వస్తుంది కదా అని. అది ఇంకా పరచలేదు. ఓవల్, స్టేషన్ లైను మాత్రం అయ్యాయి. కంట్రోలర్ మామూలు 12 వోల్టుల డీసీ. దాన్నుంచి రెండు సన్నని వైర్లు స్టేషన్ దగ్గర పట్టాలకి కలిపాం, అంతే వైరింగ్.

సమస్య ఏమిటంటే స్టేషన్ దగ్గర ఇంజను చక్కగా పరిగెడుతుంది. అవతలి వైపు వంపులోకి వెళ్లగానే నీరసపడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. నాబ్ పెంచితే అక్కడ సరిపోతుంది గానీ ఇటు వచ్చేసరికి పట్టాలు తప్పేంత వేగం. ఇంజను చక్రాలు, పట్టాలు రెండూ తుడిచాం.

కొండలూ చెట్లూ పెట్టేలోపే వైరింగ్ సరిగా చేసుకోవాలి. రిచీ స్ట్రీట్‌కి (ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారుకి) వెళ్లి ఏమేం తెచ్చుకోవాలి? తర్వాత డీసీసీకి (డిజిటల్ కంట్రోల్‌కి) మారాలనుకుంటే ఇప్పుడు వేసిందంతా పీకాల్సి వస్తుందా?

---

యలహంక లోకో | బెంగళూరు

స్వాగతం మేడమ్. వైర్లు కొనే ముందు ఒక్క కొలత తీయండి. మల్టీమీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి, ఇంజను నడుస్తుండగానే స్టేషన్ దగ్గర రెండు పట్టాల మధ్య ఎంతుందో, అవతలి వంపులో ఎంతుందో చూడండి. నాబ్ కదిలించొద్దు.

ఇంజను తీసేసి కొలిస్తే రెండు చోట్లా ఒకటే వస్తుంది, దాన్ని చూసి అంతా బాగుందనుకుంటారు. కరెంటు పారితేనే ఒత్తిడి ఎక్కడ పోతోందో బయటపడుతుంది.

---

కొళత్తూరు పట్టాలు | చెన్నై

కొలిచాను. ఇంజను లేకుండా రెండు చోట్లా 10.1. ఇంజను అవతలి వంపులో నడుస్తుంటే స్టేషన్ దగ్గర 9.8, వంపులో 7.1.

---

యలహంక లోకో | బెంగళూరు

దొరికింది. దారిలో 2.7 వోల్టులు పోతున్నాయి. ఇంజనులో లోపం లేదు, కంట్రోలర్‌లో లోపం లేదు. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్ల దగ్గర పోతోంది. మిగతాది చెన్నై వాళ్లే బాగా చెబుతారు, మీ గాలి సంగతి వాళ్లకి తెలుసు.

---

రిచీ స్ట్రీట్ రౌండ్లు | చెన్నై, ట్రిప్లికేన్

అక్కా, కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఇప్పుడు మీ లేఅవుట్‌లో కరెంటు పట్టాల గుండానే ఊరంతా తిరుగుతోంది. పట్టాలు నికెల్ సిల్వర్. పేరులో వెండి ఉన్నా అందులో ఉండేది రాగి, నికెల్, జింకు. తుప్పు పట్టదు గానీ రాగి తీగతో పోలిస్తే కరెంటుకి అడ్డు చాలా ఎక్కువ. దానికి తోడు ప్రతి జాయినరూ ఒక వదులు అతుకు. కొత్తలో బాగానే ఉంటుంది, మన సముద్రపు గాలికి లోపల సన్నటి పొర కడుతుంది, అక్కడ వోల్టులు పోతాయి. కాబట్టి కరెంటు మోయాల్సిన పని పట్టాల మీద పెట్టకూడదు.

చేయాల్సింది ఇది. పలక అడుగున, పైన పట్టా వెళ్లే దారినే, రెండు లావుపాటి రాగి వైర్లు లాగండి. వీటిని బస్ వైర్లు అంటారు. ఆ రెంటి నుంచి ప్రతి పట్టా ముక్కకీ సన్నని వైరు పైకి వెళ్తుంది, అది ఫీడర్. అపార్ట్‌మెంట్‌లో ట్యాంకు నుంచి పెద్ద పైపు దిగుతుంది, దాన్నుంచి ప్రతి ఫ్లాటుకీ చిన్న పైపు వెళ్తుంది, అదే పద్ధతి.

బస్‌కి ఇళ్ల వైరింగుకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు. లెక్క చూడండి: ఈ వైరుకి కిలోమీటరుకి సుమారు 12 ఓములు. మీ పలక మీద బస్ పొడవు 4 మీటర్లనుకుంటే పోను రాను 8 మీటర్లు, అంటే దాదాపు 0.1 ఓము. రేపు డీసీసీ పెట్టి 3 ఆంపియర్లు పారించినా పోయేది 0.3 వోల్టు. అదే 0.5 వైరుతో లాగితే మూడింతలు పోతుంది. గది చుట్టూ తిరిగే పెద్ద లేఅవుట్‌కైతే 2.5 తీసుకోమంటాను, మీకు అక్కర్లేదు.

ఫీడర్లకి 22 గేజ్ హుక్‌అప్ వైరు, సింగిల్ కోర్. ఇది సన్నగా ఉందని భయపడొద్దు. జానెడు పొడవే కాబట్టి దాన్లో పోయేది లెక్కలోకి రాదు. ఫీడర్‌ని మాత్రం పొడుగు పెంచొద్దు, బస్‌నే పట్టా కిందకి తెచ్చుకోండి.

రంగులు ఇప్పుడే తేల్చుకోండి. ఓవల్‌లో బయటి పట్టా ఎరుపు, లోపలి పట్టా నలుపు. బస్సూ అదే రంగు, ఫీడరూ అదే రంగు. కొట్టులో ఎరుపు అయిపోయిందని పసుపు ఇస్తే తీసుకోకండి, పక్క కొట్టుకి వెళ్లండి. పలక అడుగున వెల్లకిలా పడుకుని చూసేటప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి, అప్పుడు కాపాడేది రంగొక్కటే.

కొనాల్సినవి: ఎరుపు, నలుపు 1.5 వైరు (చుట్ట మొత్తం 90 మీటర్లుంటుంది, చాలా కొట్లలో మీటర్ల లెక్కన కోసిస్తారు), అవే రంగుల్లో హుక్‌అప్ వైరు, స్క్రూ కనెక్టర్ స్ట్రిప్పులు, హీట్ ష్రింక్ ట్యూబు, 60/40 రోజిన్ కోర్ సోల్డర్, రోజిన్ ఫ్లక్స్ (టంకం బాగా పట్టడానికి రాసేది), ప్లాస్టిక్ జాయినర్లు (కరెంటు దాటనివ్వనివి). ఆఖరువి రిచీ స్ట్రీట్‌లో దొరకవు, మోడల్ రైళ్లు అమ్మేవాళ్ల దగ్గర తెప్పించుకోవాలి. మల్టీమీటర్ ఎలాగూ ఉంది.

---

హొసూరు ఎక్స్‌ప్రెస్ | బెంగళూరు

ఒక సందేహం. జాయినర్లే సమస్యైతే అన్నిటికీ టంకం వేసేస్తే పోదా? అప్పుడు ఒకటో రెండో ఫీడర్లు చాలు కదా. పలక అడుగున అంత పని ఎందుకు?

---

సిగ్నల్ మావయ్య | చెన్నై, విల్లివాక్కం

రైల్వేలో సిగ్నల్, టెలికాం విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకి అసలు రైల్వే ఏం చేస్తుందో చెబుతాను.

స్టేషన్లలో ట్రాక్ సర్క్యూట్ ఉంటుంది. రెండు పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పంపుతాం, అవతలి చివర రిలే దాన్ని అందుకుంటుంది. బండి చక్రాల ఇరుసు రెండు పట్టాల్నీ కలిపేయగానే రిలేకి కరెంటు అందదు, అది పడిపోతుంది, వెనక సిగ్నల్ ఎరుపుకి వస్తుంది. కరెంటు ఏ కారణం చేత అందకపోయినా ఎరుపే. ఇంత ముఖ్యమైన కరెంటు విషయంలో ఫిష్‌ప్లేట్‌ని (రెండు పట్టాల్ని బోల్టులతో కలిపే ఇనుప పలకని) నమ్మం. బోల్టులు ఎంత బిగించినా సరే, జోడు దగ్గర పట్టా నుంచి పట్టాకి బాండ్ వైరు వేస్తాం. లక్షల టన్నులు మోసే ఫిష్‌ప్లేట్‌నే కరెంటుకి నమ్మనప్పుడు, కాగితమంత మందం ఉన్న మీ జాయినర్‌ని ఎందుకు నమ్మాలి? అది పట్టాల్ని వరుసలో ఉంచడానికి, అంతవరకే.

ఇక అన్నీ టంకం వేయడం గురించి. వద్దు నాయనా. మే నెలలో మేడ మీద గది ఎంత కాగుతుందో, కార్తీక మాసం వానల్లో ప్లైవుడ్ ఎంత తేమ పీలుస్తుందో తెలుసు కదా. రెండు మీటర్ల పట్టా 15 డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరు సాగుతుంది. చెక్క దాని దారిన అది కదులుతుంది. ఎక్కడా సందు లేకపోతే పట్టా పక్కకి వంగుతుంది. వంపుల్లో ఫ్లెక్స్ ట్రాక్ (చేత్తో వంచుకునే పట్టా) అతుకుల్ని టంకం వేయండి, అక్కడ మెలిక పడకుండా ఉంటుంది. తిన్నగా ఉన్నచోట అతుకుల్ని వదిలేసి, విజిటింగ్ కార్డు మందం సందు ఉంచి, రెండు ముక్కలకీ వేరువేరు ఫీడర్లు ఇవ్వండి.

అమ్మా, నువ్వు అడిగిన ఐమూల లైను గురించి వేరే చెప్పాలి. అది పరచకుండా అడగడం మంచిదైంది. రాత్రికి రాస్తాను.

---

హొసూరు ఎక్స్‌ప్రెస్ | బెంగళూరు

అర్థమైంది మావయ్య గారూ. బాండ్ వైర్ల సంగతి నాకు తెలియదు, ఈసారి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు చూస్తాను.

---

కొళత్తూరు పట్టాలు | చెన్నై

అందరికీ చాలా థాంక్స్. టంకం వేయడమంటేనే టెన్షన్‌గా ఉంది. పాత ముక్క మీద ప్రయత్నిస్తే స్లీపర్ల ప్లాస్టిక్ కరిగిపోయింది. 25 వాట్ల ఐరన్ ఉంది.

---

రిచీ స్ట్రీట్ రౌండ్లు | చెన్నై, ట్రిప్లికేన్

స్లీపర్ కరగడానికి కారణం వేడి ఎక్కువవడం కాదక్కా, వేడి ఎక్కువసేపు ఉండటం. 25 వాట్ల ఐరన్‌ని సన్నని మొనతో పట్టాకి ఆనిస్తే, పట్టా ఆ వేడిని అటూ ఇటూ లాగేస్తుంది. సోల్డర్ కరిగేలోపు ప్లాస్టిక్ కరుగుతుంది. 60 వాట్లది, ఉలి ఆకారం మొన ఉన్నది వాడండి. ఆనించిన రెండు మూడు సెకన్లలో పని అయిపోవాలి.

వరుస ఇది. పట్టా బయటి వైపు, రెండు స్లీపర్ల మధ్య, పట్టాకి ఆనుకుని పలకలో 2.5 మి.మీ. చిల్లు వేయండి. పట్టా బయటి చెంపని సన్న ఆకురాయితో గీకండి, కొత్త లోహం మెరవాలి. అగ్గిపుల్లతో ఫ్లక్స్ చుక్క పెట్టండి. యాసిడ్ ఫ్లక్స్ అసలు వద్దు, అది తర్వాత వైరుని తినేస్తుంది. ఐరన్ మొన మీద కొంచెం సోల్డర్ తీసుకుని పట్టాకి తాకిస్తే చెంప మీద పల్చగా పరుచుకుంటుంది. గుండ్రటి బొట్టులా నిలబడితే పట్టుకోలేదని అర్థం, మళ్లీ గీకండి. వైరు చివర 4 మి.మీ. ఒలిచి, దానికీ సోల్డర్ పూసి, ఎల్ ఆకారంలో వంచండి. వైరుని చిల్లులోంచి పైకి తెచ్చి ఆ వంపు పట్టా చెంపకి ఆనేలా పట్టుకుని, ఐరన్ ఒక్కసారి తాకించి తీసేయండి. రెండు సోల్డర్లూ కలిసిపోతాయి. అది గట్టిపడే వరకూ వైరు కదలకూడదు. చల్లారాక వేలితో కొంచెం గట్టిగానే లాగి చూడండి. ఊడేదైతే ఇప్పుడే ఊడాలి.

పక్క స్లీపర్ల మీద తడి దూది ముక్కలు పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. పట్టా లోపలి వైపు మాత్రం సోల్డర్ చుక్క కూడా ఉండకూడదు, చక్రం అంచు ఎక్కి పట్టాలు తప్పుతుంది.

60/40 సోల్డర్‌లో సీసం ఉంటుంది. కిటికీ తీసి ఉంచండి, పొగ ముఖానికి రానివ్వద్దు, అయ్యాక అమ్మాయి చేత కూడా సబ్బుతో చేతులు కడిగించండి. అడుగు నుంచి పైకి చూస్తూ టంకం వేయొద్దు, కరిగింది కంట్లో పడుతుంది. పైనుంచి వేసేవన్నీ పైనుంచే వేయండి, అడుగున స్క్రూ కనెక్టర్లతో కలుపుకోండి.

---

యలహంక లోకో | బెంగళూరు

దీనికి ఒక్కటే కలుపుతాను. ప్రతి ఫీడర్ వేయగానే మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి. ఎరుపు బస్‌కీ బయటి పట్టాకీ మధ్య బీప్ రావాలి. ఎరుపుకీ నలుపుకీ మధ్య రాకూడదు. పరీక్షించేటప్పుడు పట్టాల మీద ఇంజను గానీ లైట్లున్న పెట్టె గానీ ఉండకూడదు, మోటారు లోంచి దారి దొరికి మీటర్ తప్పుదారి పట్టిస్తుంది. మొత్తం వేసి ఒకేసారి చూద్దామంటే తప్పు ఎక్కడుందో వెతకడానికే ఆదివారం సరిపోతుంది.

---

సిగ్నల్ మావయ్య | చెన్నై, విల్లివాక్కం

ఐమూల లైను. కాగితం మీద గీసుకుని చదవమ్మా.

ఓవల్ గీసి బయటి గీత ఎరుపు, లోపలి గీత నలుపు వేయి. ఇప్పుడు ఒక మూల పాయింట్ల (లైను రెండుగా చీలే చోటు) నుంచి ఐమూలగా రెండు గీతలు అదే రంగులతో లాక్కుంటూ వెళ్లు. ఎదుటి మూల ఓవల్‌ని కలిసేచోట చూడు: ఎరుపు గీత వెళ్లి నలుపుని తాకుతుంది. అంటే ప్లస్సూ మైనస్సూ కలిశాయి, షార్ట్. నువ్వు వైర్లు ఎంత శుభ్రంగా వేసినా తప్పదు, ఎందుకంటే తప్పు వైర్లలో లేదు, పట్టాల ఆకారంలోనే ఉంది. బండిని తిప్పి అదే లైను మీదకి తెచ్చే అమరిక ఏదైనా ఇంతే. గుండ్రటి లూపు, ముక్కోణం అన్నీ ఈ కోవవే.

పరిష్కారం: ఐమూల లైను రెండు చివర్లా, రెండు పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు. మొత్తం నాలుగు. మధ్య ముక్క విద్యుత్తుకి ఒంటరి ద్వీపం. దానికి విడిగా కరెంటు ఇస్తాం, ఆ కరెంటు దిక్కు మార్చే వీలు ఉంచుకుంటాం.

ద్వీపం ఎంత పొడవుండాలి? బండి మొత్తం అందులో పట్టాలి. ముందు చక్రం ఒక సందు మీద, వెనక చక్రం ఇంకో సందు మీద ఒకేసారి ఉంటే లోహపు చక్రాల గుండా మళ్లీ షార్టే. ఐసీఎఫ్ (పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె బఫర్లతో సహా 22 మీటర్ల పైచిలుకు, 87తో భాగిస్తే దాదాపు 25.5 సెం.మీ. ఇంజను ఇంకో 24. నాలుగు పెట్టెల బండికి 126 సెం.మీ. మీ ఐమూలలో 140 వరకూ దొరకవచ్చు, సరిపోతుంది. అయిదో పెట్టె తగిలించొద్దు.

డీసీలో స్విచ్చుల అమరిక ఇలా. ఆరు కాళ్ల డీపీడీటీ టాగుల్ స్విచ్చులు రెండు కావాలి. ఒక చివరి రెండు కాళ్లకి కంట్రోలర్ వైర్లు ఇవ్వాలి. ఆ రెండు కాళ్ల నుంచి అవతలి చివరి రెండు కాళ్లకి వైర్లు అడ్డంగా, కత్తెరలా వేయాలి. మధ్య రెండు కాళ్లు పట్టాలకి. ఒక స్విచ్చు ఓవల్ బస్‌కి, రెండోది ద్వీపానికి. రెండూ కంట్రోలర్ నుంచే నేరుగా తీసుకోవాలి, ఒకదాని తర్వాత ఒకటి కాదు.

నడిపేటప్పుడు కంట్రోలర్ మీది దిక్కు నాబ్ జోలికి వెళ్లొద్దు. బండి ద్వీపంలోకి వెళ్లేముందు ద్వీపం స్విచ్చు ఓవల్‌తో కలిసేలా ఉండాలి. బండి మొత్తం ద్వీపంలోకి వెళ్లాక ఓవల్ స్విచ్చు మార్చు. ద్వీపంలో కరెంటు మారలేదు కాబట్టి బండి ఆగకుండా అదే దిక్కులో వెళ్లి ఓవల్‌ని కలుస్తుంది. మొదట్లో ద్వీపంలో బండిని ఆపి స్విచ్చు మార్చడం అలవాటు చేసుకోండి, అమ్మాయికి కూడా అదే నేర్పు.

ఇంకో మాట. ప్లాస్టిక్ జాయినర్ దొరకలేదని పట్టాని రంపంతో కోసి సందు వదిలితే ఎండాకాలంలో సందు మూసుకుపోతుంది. అసలు పట్టాల మీద గ్లూడ్ జాయింటులో ఇన్సులేషన్ ముక్క పెట్టి జిగురుతో బిగిస్తాం. నువ్వూ కోసినచోట ప్లాస్టిక్ ముక్క పెట్టి అరాల్డైట్ వేసి, పట్టా ఆకారానికి గీకేయి.

---

పెరంబూరు డబుల్ హెడర్ | చెన్నై

మావయ్య గారూ, ఈ స్విచ్చుల తతంగం అంతా డీసీసీలో ఉండదు కదా. ఆటో రివర్సర్ మాడ్యూల్ ఒకటి పెడితే షార్ట్ కనిపెట్టి కంటికి కనపడేలోపు దిక్కు మార్చేస్తుంది. ఇంజను దిక్కు లోపలి డీకోడర్ (ఆదేశాలు చదివే చిన్న బోర్డు) చూసుకుంటుంది, పట్టా ధ్రువాలతో పనే లేదు. మేడమ్‌కి నేరుగా డీసీసీకే వెళ్లమని చెబుతాను. ఒకే లైను మీద రెండు ఇంజన్లని వేరువేరుగా నడపొచ్చు, లైట్లు, హారన్లు అన్నీ వస్తాయి. ఒకసారి నడిపాక డీసీకి తిరిగి వెళ్లబుద్ధి కాదు.

---

సిగ్నల్ మావయ్య | చెన్నై, విల్లివాక్కం

బాబూ, నువ్వు చెప్పింది నిజమే. అయితే నాలుగు సందులు, ద్వీపం పొడవు డీసీసీలోనూ ఇవే. ఆటో రివర్సర్ స్విచ్చుని తప్పిస్తుంది, ప్లాస్టిక్ జాయినర్‌ని తప్పించదు.

ఆ మాటకొస్తే మన బీచ్–తాంబరం లైను 1931లో కరెంటు బళ్లు మొదలైనప్పుడు 1500 వోల్టుల డీసీ. తర్వాత 25 వేల వోల్టుల ఏసీకి మార్చారు. పద్ధతి మారుతుంది, పునాది ముందే గట్టిగా ఉంటే మార్పు సులువు.

---

యలహంక లోకో | బెంగళూరు

మేడమ్ మొదట అడిగింది ఇదే కాబట్టి నా అభిప్రాయం.

డీసీలో నాబ్ తిప్పితే పట్టాలో వోల్టులు మారతాయి, వేగం మారుతుంది. డీసీసీలో పట్టాలో ఎప్పుడూ నిండు కరెంటే, హెచ్‌ఓకి సాధారణంగా 14, 15 వోల్టులు, దిక్కు క్షణక్షణం మారుతూ. ఆ మార్పుల్లోనే ఆదేశాలు ఉంటాయి. ప్రతి ఇంజనుకీ ఒక నంబరు, కొత్తదానికి సాధారణంగా 3. జర్మనీలోని లెంజ్ కంపెనీ పద్ధతిని ఆధారం చేసుకుని అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ 1990లలో దీన్ని ప్రమాణంగా చేసింది. అందుకే ఒక కంపెనీ డీకోడరు ఇంకో కంపెనీ కంట్రోలర్‌తో పనిచేస్తుంది.

ఈ బస్, ఫీడర్లు, రంగులు దేనికైనా ఒకటే. ఇప్పుడు వేసింది ఒక్క అంగుళం కూడా పీకక్కర్లేదు. మీ దగ్గర డీసీ కంట్రోలర్, డీసీ ఇంజను ఉన్నాయి. దాంతోనే వైరింగ్ పూర్తి చేసి, కొన్నాళ్లు నడిపి, తర్వాత మారండి. మారిన రోజు పాత కంట్రోలర్‌ని బస్ నుంచి పూర్తిగా విడదీయండి. డీసీ, డీసీసీ రెండూ ఒకే పట్టాలకి తగిలితే ఖరీదైన పెట్టె పోతుంది. డీకోడర్ లేని ఇంజనుని డీసీసీ పట్టా మీద నిలబెట్టొద్దు, మోటారు రొద పెడుతూ వేడెక్కుతుంది.

డీసీసీ పెట్టిన రోజు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది. లేఅవుట్ చుట్టూ ప్రతి ముక్క మీదా రూపాయి బిళ్లతో రెండు పట్టాల్నీ కలపండి. ప్రతిచోటా కంట్రోలర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ఎక్కడైనా ట్రిప్ అవ్వకుండా బిళ్ల వేడెక్కుతుంటే తీసేయండి, అక్కడి ఫీడర్ బలహీనం. నిజంగా బండి పట్టాలు తప్పితే అక్కడ 3, 4 ఆంపియర్లు పారుతూనే ఉండి చక్రాల ప్లాస్టిక్ కరిగిపోతుంది. డీసీసీ వైరింగ్ అయిందని చెప్పడానికి ఈ పరీక్షే కొలబద్ద.

---

హొసూరు ఎక్స్‌ప్రెస్ | బెంగళూరు

ఇంకో విషయం ఎవరూ అనలేదు. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిచ్చే సెట్లలోని పవర్ ప్యాక్ 120 వోల్టులది. మన 230లో పెడితే ఆ క్షణమే కాలిపోతుంది. వెనకాల లేబుల్ మీద 100-240 అని ఉంటేనే నేరుగా పెట్టాలి, లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. గోడ సాకెట్ నుంచి కంట్రోలర్ దాకా ఉన్న వైరింగ్‌లో మనం వేలు పెట్టకూడదు. ఆ గదికి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్చు) ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని అడగండి.

---

కొళత్తూరు పట్టాలు | చెన్నై

మా కంట్రోలర్ 230దే. గదికి ఆర్‌సీసీబీ కూడా ఉంది, చూసుకున్నాను.

బస్ లాగాను. ఓవల్ ఫీడర్లన్నీ అయ్యాయి. 60 వాట్ల ఐరన్‌తో నిజంగానే మూడు సెకన్లలో అయిపోతోంది, స్లీపర్లకి ఏమీ కాలేదు. వైరు పట్టుకోవడం, లాగి చూడడం మా అమ్మాయి పని. ఇంజను నడుస్తుండగా కొలిస్తే స్టేషన్ దగ్గర 9.8, అవతలి వంపులో 9.7! బండి ఒకే వేగంతో చుట్టూ తిరుగుతోంది. అమ్మాయి కంట్రోలర్ వదలడం లేదు.

స్టేషన్ లైను ఫీడర్లు కలపగానే మాత్రం షార్ట్. కంట్రోలర్ ఎర్ర లైటు. రంగులన్నీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి. పట్టాల మీద ఏమీ లేదు. అయినా ఎరుపుకీ నలుపుకీ మధ్య బీప్ వస్తోంది.

---

రిచీ స్ట్రీట్ రౌండ్లు | చెన్నై, ట్రిప్లికేన్

9.7! చాలా సంతోషం అక్కా.

షార్ట్ వెతకడానికి: కనెక్టర్ స్ట్రిప్ దగ్గర స్టేషన్ లైను ఫీడర్లన్నీ విప్పేయండి. బీప్ ఆగుతుంది. ఒక్కొక్కటే కలుపుతూ రండి, ఏది కలపగానే బీప్ వస్తే దాని పై ముక్క దగ్గరే తప్పు. ఈలోగా ఒకటి చెప్పండి, మీ పాయింట్ల మధ్యలో రెండు పట్టాలు కలిసే కోణం, ఫ్రాగ్, లోహమా ప్లాస్టికా?

---

కొళత్తూరు పట్టాలు | చెన్నై

లోహం. ప్యాకెట్ మీద ఎలక్ట్రోఫ్రాగ్ అని ఉంది. రెండో లైను నల్ల ఫీడర్ కలపగానే బీప్ వస్తోంది.

---

రిచీ స్ట్రీట్ రౌండ్లు | చెన్నై, ట్రిప్లికేన్

అయితే అదే. లోహపు ఫ్రాగ్ పాయింట్ల నాలుక (అటూ ఇటూ కదిలే పట్టా) ఎటు ఉంటే ఆ వైపు పట్టా కరెంటు తీసుకుంటుంది. తిన్నగా ఉంటే ఎరుపు, పక్కకి తిప్పితే నలుపు, లేదా దానికి తిరగేసి. ఫ్రాగ్ తర్వాత వచ్చే రెండు లోపలి పట్టాలూ దాంతోపాటే మారతాయి. అవతల నుంచి మీ ఫీడర్ వాటికి స్థిరంగా ఒక రంగు ఇస్తోంది. రెండూ ఎదురుపడ్డాయి.

ఫ్రాగ్ నుంచి బయటకి వచ్చే రెండు లోపలి పట్టాలకీ ప్లాస్టిక్ జాయినర్లు వేయండి. స్టేషన్‌కి రెండు చివర్లా పాయింట్లున్నాయి కాబట్టి మొత్తం నాలుగు. పాయింట్లకి కరెంటు ఎప్పుడూ నాలుక ఉన్న వైపు నుంచే రావాలి. ప్లాస్టిక్ ఫ్రాగ్ ఉన్న పాయింట్లకి ఈ బాధ లేదు, కానీ చిన్న ఇంజన్లు వాటి మీద నెమ్మదిగా వెళ్తే చక్రానికి కరెంటు అందక ఆగిపోతాయి. మీరు కొన్నవే మంచివి.

తర్వాత పాయింట్ మోటార్లు పెడితే, రెండు చుట్టలున్న సోలినాయిడ్ రకానికి కరెంటు అర క్షణమే తగలాలి. నొక్కి వదిలితే తెగిపోయే పుష్ బటన్ వాడండి. మామూలు స్విచ్చు పెట్టి మర్చిపోతే చుట్ట మాడిపోతుంది. మోటార్లకి పట్టాల బస్ నుంచి కాకుండా వేరే సప్లై ఇవ్వండి.

---

పెరంబూరు డబుల్ హెడర్ | చెన్నై

పట్టాలు తుడవడానికి ఉప్పు కాగితం వాడకండి మేడమ్, గీతలు పడి వాటిలోనే మురికి చేరుతుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నూలు గుడ్డ మీద వేసి తుడవండి. అది తుడిచేటప్పుడు కరెంటు ఆపేయాలి, ఆవిరి అంటుకుంటుంది.

---

కొళత్తూరు పట్టాలు | చెన్నై

ప్లాస్టిక్ జాయినర్లు నాలుగూ వేశాను, బీప్ పోయింది. స్టేషన్‌లో రెండు లైన్లూ నడుస్తున్నాయి. ఇక ఐమూల లైను పరుస్తాం, మావయ్య గారు చెప్పినట్టు కాగితం మీద రంగులు వేసి అమ్మాయికి చూపిస్తే షార్ట్ ఎక్కడ వస్తుందో తనే వేలు పెట్టి చూపించింది.

చివరిగా ఒకటి. ఎప్పుడైనా ఇల్లు మారితే 8 అడుగుల పలక మెట్లు దిగదు. మధ్యలో కోసి రెండు 4 × 4 ముక్కలుగా చేయాలనుకుంటున్నాను. బస్‌ని అక్కడ ఎలా విడదీయాలి?

---

సిగ్నల్ మావయ్య | చెన్నై, విల్లివాక్కం

అమ్మాయి పట్టుకుందంటే నాకు ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను. బస్ సంగతి కుర్రాళ్లు చెబుతారు. కోత మీద నుంచి వెళ్లే పట్టాల చివర్లు మాత్రం కదలకుండా ఇత్తడి స్క్రూలు బిగించి, వాటి తలకి పట్టాని టంకం వేయి. తర్వాత పట్టాని కోయి. ముందు కోస్తే వరుస తప్పుతుంది.

---

యలహంక లోకో | బెంగళూరు

డ్రోన్లకి వాడే ఎక్స్‌టీ60 కనెక్టర్లు తీసుకోండి, రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, 1.5 వైరు చక్కగా పడుతుంది, తిరగేసి పెట్టడం కుదరదు. కంట్రోలర్ ఉన్న పలక వైపు లోహం లోపలికి దాగి ఉండే సాకెట్, అవతలి పలకకి ప్లగ్గు. ఊడదీసినప్పుడు కరెంటున్న వైపు పిన్నులు బయటకి కనపడకూడదు. ద్వీపానికి వెళ్లే వైర్లకి వేరే రకం కనెక్టర్ పెట్టండి, అప్పుడు ఒకదానిలో ఇంకొకటి గుచ్చే వీలే ఉండదు.